దూలమునకును రేకునకును నడుమ: ఉక్కు కట్టడములలో త్రుప్పు నివారణము

బహుళ అంతస్తుల భవనములను ఉక్కుతో నిర్మించునపుడు నేలలు వేయు విధానము నేడు లోకమంతట ఇంచుమించు ఒక్కటే యైనది. స్తంభముల నడుమ దూలములు బిగించి, వాటి మీద అలలుగ మడిచిన పలుచని ఉక్కు రేకులను పరచి, రేకులను దూలపు పైపట్టీకి అక్కడక్కడ అతికి, ఆపైన కడ్డీల వల నమర్చి కాంక్రీటు పోయుదురు. ఆ రేకు తొలుత కాంక్రీటునకు అచ్చుగ నిలిచి, కాంక్రీటు గట్టిపడిన పిమ్మట దాని అడుగున కడ్డీలు చేయవలసిన పనియు తానే చేయును గనుక, సెంట్రింగు కర్రలు నిలుపు బాధ తప్పి, ఒకేసారి రెండు మూడంతస్తులలో పని సాగుటకు వీలు కలుగును. ఈ సౌలభ్యమును వర్ణించు వ్రాతలు విస్తారముగ కలవు. రేకు దూలముపై కూర్చుండు ఆ జానెడు వెడల్పు స్థలమును గూర్చి మాత్రము ఒకటి రెండు వాక్యములతో ముగించునవే వానిలో హెచ్చు. దూలమును తయారుచేసినవాడు దానిని రేకు వేయువాని పాలికి విడుచును. రేకు వేసినవాడు పైన కాంక్రీటు కప్పబోవుచున్నది గదా యని ఊరకుండును. రంగులవాడు నిచ్చెన వేసుకొని వచ్చునప్పటికి అది కంటికే కనబడదు. రెండు పొలముల నడిమి గట్టువలె అది ఇరువురిదియు నగుటచేత ఎవ్వరి శ్రద్ధకును నోచుకొనకున్నది.

ఈ సంధియందు త్రుప్పును నివారించుటకు ఏమి చేయవలెనను ప్రశ్నకు వచ్చిన సమాధానములను పరిశీలించినచో రెండు తెగలు కనబడుచున్నవి. జింకుపూత గల రేకు ఒక లోహము, పూత లేని దూలము మరియొక లోహము, రెండును తాకినచోట విద్యుద్రసాయన చర్య తప్పదు గావున వాటి నడుమ అడ్డు నేదైన నుంచవలెనని ఒక తెగవారి వాదము. భవనము లోపలి ఉక్కునకు ఎట్టి పూతయు నక్కరలేదనియు, రంగునకు పెట్టు ధనము వృథాయనియు రెండవ తెగవారి వాదము. మొదటివారు లేని శత్రువునకు వెరచుచున్నారనియు, రెండవవారు తమ వాదమునకు గల షరతును మరచుచున్నారనియు నాకు తోచుచున్నది. దానికి కారణములు చెప్పుటకు కొంత వెనుకకు పోవలెను.

భిన్నలోహముల స్పర్శవలని కీడు నావికులకు ముందుగ తెలిసినది. 1761లో బ్రిటిషు నౌకాదళమువారు అలారం అను యుద్ధనౌక అడుగునకు, పురుగులును నాచును పట్టకుండుటకై, రాగిరేకులు తొడిగించిరి. రెండేండ్ల పిమ్మట ఓడను పరీక్షింపగా, రాగిని తాకుచున్న ఇనుపమేకులు చాలవరకు క్రుళ్లి ముద్దయై యుండెను. కొన్ని మాత్రము చెక్కుచెదరక నిలిచెను. రేకులను చుట్టి తెచ్చిన గోధుమవన్నె కాగితము ఆ మేకుల కడ తీయక మిగిలిపోవుటయే వాటి అదృష్టమునకు కారణమని తేలినది. 1824లో హంఫ్రీ డేవీ ఇదే ధర్మమును తలక్రిందులు చేసి, రాగితొడుగునకు ఇనుపముక్కలను, జింకుముక్కలను తగిలించి, అవి కరగుచు రాగిని కాపాడునట్లు చేసెను. రాగి నిలిచినది, కాని కరగని రాగినుండి విషము వెలువడకపోవుటచే ఓడల అడుగున గుల్లలు దట్టముగ పెరిగి వాటి నడక మందగించినది. ఒక రక్షణము మరియొక దానికి విరోధి యగుట ఈ శాస్త్రమున నాటినుండియు కలదు. మన దూలము విషయమునను అట్టిదే యొకటి ముందు రానున్నది.

కట్టడములలో ఇందుకు మిక్కిలి ప్రసిద్ధమైన నిదర్శనము న్యూయార్కు రేవునందలి స్వాతంత్ర్య దేవతా విగ్రహము. 1886లో ప్రతిష్ఠించిన ఆ విగ్రహమునకు చర్మము రాగి, అస్థిపంజరము ఇనుము. రెండును తాకరాదని నిర్మాతలకు తెలియును గనుకనే లక్కపూసిన ఆస్బెస్టాసు గుడ్డను నడుమ నుంచిరి. ఆ గుడ్డ కాలక్రమమున చీకి, తేమను పట్టి యుంచు వత్తియై, వారింపవలసిన హానినే పోషించినది; ఇనుపపట్టీలు త్రుప్పుపట్టి ఉబ్బి, రాగిచర్మమున బిగించిన రివెట్లను పెరికివైచెను. శతవార్షికోత్సవమునకు ముందు జరిగిన జీర్ణోద్ధరణమున ఆ పట్టీలను తీసివేసి 316ఎల్ రకపు స్టెయిన్‌లెస్ ఉక్కు పట్టీలను, నడుమ టెఫ్లాను పొరను అమర్చిరి. అడ్డు నుంచుట మంచిదే. నీటిని పీల్చు అడ్డు మాత్రము అడ్డు లేకుండుటకంటెను చెరుపు చేయునని ఆ నూరేండ్ల అనుభవము చెప్పుచున్నది.

అయినను రాగియు ఇనుమును కలిసినచోట జరుగునది జింకును ఇనుమును కలిసినచోట జరుగదు. ప్రమాణ విద్యుద్విభవము ఇనుమునకు −0.44 వోల్టు, జింకునకు −0.76 వోల్టు, అనగా రెండును తడిలో కలిసియున్నపుడు కరగునది జింకు, నిలుచునది ఇనుము. 1837లో ఫ్రాన్సుదేశపు సోరెల్ పేటెంటు పొందిన జింకుపూత విద్యకు ఈ స్వభావమే ఆధారము. కావున జింకుపూత రేకు ఉక్కు దూలముపై కూర్చుండుట దానంతట అది ప్రమాదము కాదు. ఒక్కటి మాత్రము గమనింపవలెను: దూలపు పైపట్టీ అంతయు పూతలేక తడిసియున్నచో, రేకుమీది పలుచని జింకు తన ఉక్కునేగాక పరుల ఉక్కును గూడ మోయవలసి వచ్చి త్వరలో హరించిపోవును. స్వల్ప వైశాల్యము గల కరగు లోహము విస్తారమైన కరగని లోహమును తాకరాదను సూత్రమునకు ఇది యొక రూపము. ఆ సూత్రము ననుసరించియే జింకురేకునకు స్టెయిన్‌లెస్ మర కొట్టవచ్చును గాని, స్టెయిన్‌లెస్ రేకునకు జింకుపూత మర కొట్టరాదు. రాగికప్పునుండి జారిన వాననీరు జింకురేకుపై పడుటయు ఇంతటి దోషమే. అచట లోహములు రెండును తాకకున్నను నీరే రాగిని మోసికొని వచ్చును.

ఇక అసలు శత్రువును గూర్చి. 1920వ దశకమున కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఎవాన్సు ఇనుముమీద ఒక ఉప్పునీటి బొట్టు నుంచి చూపిన ప్రయోగము ఈ విషయమున మూలస్తంభము. బొట్టు అంచున గాలి హెచ్చు, నడుమ తక్కువ; గాలి తక్కువైన నడిమిచోటనే ఇనుము కరగెను. రెండవ లోహము లేకయే, ఒకే లోహమున గాలి తగులు చోటునకును తగులని చోటునకును నడుమ విద్యుత్తు పారినది. రేకునకును దూలమునకును నడుమ నున్న సన్నని సందు ఈ బొట్టు నడుమ వంటిదే: నీరు కేశాకర్షణముచే లోనికి పోవును, గాలి పోదు, ఎండ తగులదు, ఆరుటకు వారములు పట్టును. అందు పుట్టిన త్రుప్పు తాను తిన్న ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల వరకు స్థలము నాక్రమించును గనుక, రేకును పైకెత్తి, సందును పెంచి, మరింత నీటికి దారి యిచ్చును. 1930వ దశకమున వెర్నను అను శాస్త్రజ్ఞుడు మరియొక సత్యమును స్థాపించెను: గాలిలోని సాపేక్ష ఆర్ద్రత ఇంచుమించు 60 శాతము దాటువరకు ఉక్కు త్రుప్పుపట్టుట అత్యల్పము, దాటిన పిమ్మట గాలి మలినమై యున్నచో అది వేగమందుకొనును. ఉప్పుపొడి పడినచోట ఈ హద్దు ఇంకను క్రిందికి దిగును.

రెండవ తెగవారి వాదమునకు బలము ఇచటనే కలదు. పడగొట్టిన పాత భవనములలో, గోడల లోపల రంగులేకయే యుండిన ఉక్కు చాలచోట్ల చెక్కుచెదరక కనబడినది. అమెరికా ఉక్కు నిర్మాణ సంస్థవారి నియమావళియు లోపలి అలంకరణముతో కప్పబడు ఉక్కునకును, కాంక్రీటును తాకు ఉక్కునకును కర్మాగారపు రంగు అవసరము లేదనుచున్నది. పొడిగానుండు కార్యాలయ భవనమునకు ఈ మాట అక్షరాల సత్యము. అచట సంధియందు రంగునకై పట్టుబట్టు ఇంజనీరు యజమాని ధనమును కాంక్రీటు క్రింద పాతిపెట్టుచున్నాడు. కాని “పొడిగానుండు” అను విశేషణము వాదమునకు ప్రాణము. భవనము పుట్టుకనుండి పొడిగనుండునా?

ఉండదు. రేకు పరచిన దినమునకును పైకప్పు పడిన దినమునకును నడుమ ఒక వానకాలము గడచుట మన దేశమున సర్వసాధారణము. రేకు పల్లములలో నిలిచిన వాన అతుకుల సందులగుండ దూలపు పట్టీపైకి దిగును. పిమ్మట కాంక్రీటు తన నీటిని తెచ్చును: ఘనమీటరు కాంక్రీటులో 180 లీటర్ల నీరు, 350 కిలోల సిమెంటు ఉన్నదనుకొన్నచో, సిమెంటుతో రసాయనికముగ కలియునది అందులో ఇంచుమించు సగమే, తక్కినది నెలల తరబడి వెలికి పోవలెను. అడుగున రేకు నీటిని చొరనీయదు గనుక పోవుటకు పైదారి యొక్కటియే. ఆ పైన తొందరపడి పలకలు పరచినచో నీరు క్రిందనే బందీయగును. ఈ తొలినాటి తడియే అయినచో భయపడవలసినది స్వల్పము. సిమెంటు క్షారము పచ్చిగనున్నపుడు జింకును కొంత కొరికి, అంతలోనే దానిపై రక్షకమైన పొరను కట్టి ఆగిపోవును. అందులో క్లోరైడు కలిసినపుడు మాత్రము ఆ పొర నిలువదు. కాంక్రీటు త్వరగ గట్టిపడుటకై కాల్షియం క్లోరైడు కలుపు అలవాటును రేకుమీది కాంక్రీటున నిషేధించుటకు కారణమిదియే. సముద్రపు ఇసుకయు, ఉప్పునీటి బావియు ఇదే కోవకు చెందినవని మన కోస్తా మేస్త్రీలకు వేరే చెప్పనక్కరలేదు.

ఏటేట వచ్చు తడి వేరు. 30 డిగ్రీల వేడిమిలో 80 శాతము ఆర్ద్రత గల గాలి 26 డిగ్రీలకు చల్లబడగనే మంచుపట్టును. విశాఖపట్టణమునందో కాకినాడయందో ఇట్టి సాయంకాలములు అరుదు కావు. గుంటూరు ప్రాంతమున మిరపకాయలు నిలువచేయు శీతల గిడ్డంగులవంటి కట్టడములలో ఉక్కు దూలము చల్లని గదినుండి వెలుపలి వేడిగాలిలోనికి చొచ్చుకొనిపోయినచో, ఆ దూలపు వెలుపలి కొన రాత్రింబగళ్లు చెమర్చుచునే యుండును. అట్టిచోట పూత ఎంత మంచిదైనను చాలదు. చల్లదనము ప్రాకు దారినే ఉష్ణనిరోధకముతో తెంపవలెను.

ఇప్పుడు ఈ ప్రశ్నలోని ముడికి వత్తును. రేకు, కాంక్రీటు, దూలము మూడును ఒక్కటై బరువును మోయవలెనన్నచో వాటిని కుట్టునట్టి షియర్ స్టడ్డులు కావలెను. సామాన్యముగ 19 మిల్లీమీటర్ల మందముగల ఈ తలమేకులను రేకు పైనుండియే, రేకును కరగించుకొని దూలములోనికి దిగునట్లు, విద్యుత్తుతో క్షణములో వెల్డు చేయుదురు. దూలపు పైపట్టీమీద రంగున్నచో అది మండి వాయువై వెల్డును గుల్ల చేయును. కావున పైపట్టీని రంగువేయక విడువవలెనని స్టడ్డువారి నియమము. జింకు 907 డిగ్రీలవద్దనే మరగి ఆవిరియగును, ఉక్కు కరగుటకు 1500 డిగ్రీలు కావలెను. అందుచే వెల్డు చుట్టు ఉంగరము వలె రేకుమీది జింకును హరించును. ఇట్లు బలమునకై చేయు పనియే రక్షణమును తొలగించుచున్నది. సర్వాంగములకును రంగువేసి, నీరు నిలుచుటకు అత్యంతము అనువైన ఒక్క స్థలమును, తెలిసి, నియమపూర్వకముగ, బోసిగ విడుచుచున్నాము. డేవీ ఓడల విరోధము మరల మనకెదురైనది.

ఈ ముడిని విప్పుటకు ఆచరణములోనున్న ఉపాయములు కొన్ని. స్టడ్డులు పడు నడిమి పట్టీని మాత్రము బోసిగ నుంచి, ఇరుప్రక్కల అంచులనుండి లోనికి కొంతమేర రంగు మడిచి వేయుట మొదటిది; ఇందు సందు ముఖమున రంగుండుటచే నీటి ప్రవేశము తగ్గును, ఖర్చు స్వల్పము, మామూలు భవనమునకు ఇది చాలును. స్టడ్డులను కర్మాగారముననే దూలమునకు వెల్డుచేసి, ఆపై దూలమును స్టడ్డులతో సహా పూర్తిగ జింకులో ముంచియో రంగువేసియో తెచ్చుట రెండవది. అప్పుడు రేకు పైపట్టీమీద తెంపులేక సాగజాలదు. దూలమునకు దూలమునకు నడుమ తెగిన ముక్కలుగ వేయవలెను, శ్రమ హెచ్చును, కాంక్రీటు పోయునపుడు రేకు వంగుటయు హెచ్చును. అయినను తీరప్రాంతమున, వాహనములు నిలుపు అంతస్తులలో, రసాయన కర్మాగారములలో ఈ కష్టమునకు ఓర్చుకొనుటయే మేలని నా నిశ్చయము. తుపాకిమందుతో కొట్టు మేకులచే బిగించు స్టడ్డులు మూడవ మార్గము. వెల్డు లేదు గనుక పూత కాలదు, కాని ఒక్కొక్కటి మోయగల బరువు తక్కువ గనుక లెక్కకు మిక్కిలి కావలెను. కాలిన చోట్ల జింకుచూర్ణము దండిగ గల రంగును పూయుట అన్నింటికిని తోడుగ చేయదగినది. ఆ పని మన చోట్ల ఎట్లు జరుగునో చెప్పకుండుట కష్టము: జింకుపూత మీద మామూలు రెడ్ ఆక్సైడు పూయుదురు, దానిలోని నూనె జింకుతో కలిసి సబ్బువలె మారి కొలదికాలములోనే పొట్టుగ లేచిపోవును, పిమ్మట రంగు కంపెనీని నిందింతురు.

జింకును గూర్చిన అంకెలు కొన్ని చెప్పనిది ఈ సమీక్ష సాగదు. ఐ.ఎస్. 277 ప్రకారము రేకుమీది పూతను చదరపు మీటరునకు గ్రాములలో, రెండు ముఖములను కలిపి చెప్పుదురు. 275 గ్రాముల రకమునకు ఒక్కొక్క ముఖమున దొరకునది ఇంచుమించు 20 మైక్రానులు. మందమైన దూలమును ముంచి తీసినచో అంతర్జాతీయ ప్రమాణము కోరు సగటు 85 మైక్రానులు. వాతావరణముల తీవ్రతను విభజించు ఐ.ఎస్.ఓ. 9223 లెక్కను బట్టి మధ్యరకపు వాతావరణమున జింకు ఏడాదికి 0.7 మొదలు 2.1 మైక్రానుల వరకును, అతితీవ్రమైన సముద్రతీరపు వాతావరణమున 4.2 మొదలు 8.4 వరకును హరించును. భాగించి చూచినచో రేకుపూత ఒకచోట పది ఇరువదేండ్లకు పైబడియు, మరియొకచోట అయిదేండ్లకు లోపలను జీవించునని తేలును. అదియు గాలి ఆడుచు ఆరుచుండు ముఖమునకే గాని, ఆరని సందునకు కాదు. ఒకే పద్దులో హైదరాబాదునకును విశాఖకును ఒకే పూతను వ్రాయు టెండరు పత్రములు ఈ భాగహారమును చేయనివారు తయారుచేసినవి. కారైకుడిలోని కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయమువారు దేశమున పలుచోట్ల లోహపు ముక్కలను గాలిలో నుంచి త్రుప్పు పటమును రచించియున్నారు. దానిని విప్పి చూచుటకు పట్టు కాలము గడియైన కాదు.

వెలుపలి నీరు గాక, ప్రక్కనున్న పదార్థమే విషమగుట మరియొక అధ్యాయము. 1980వ దశకమున అమెరికాలో ఉక్కు రేకు కప్పులపై ఉష్ణనిరోధమునకై ఫినాలికు నురుగు పలకలు విరివిగ వేసిరి. వేడిని ఆపుటలో అవి ఉత్తమములే. కాని తడిసినపుడు తయారీలో మిగిలిన ఆమ్లమును విడిచి క్రిందనున్న రేకును రంధ్రములు పడునంతగ తినివైచుటయు, దానిపై న్యాయస్థానములలో పెద్ద వ్యాజ్యములు నడచుటయు జరిగినది. చెదలు పట్టకుండ రాగి లవణములు పట్టించిన కొయ్యను కప్పు అంచులయందు ఉక్కునకు బిగించుటయు ఇదే జాతి దోషము.

కప్పు రేకులును పర్లిన్లును కలియు చోటును గూర్చి సంగ్రహముగ చెప్పుదును: మర బిగువు మితిమీరి వాషరు చితుకరాదు, డ్రిల్లు చేసిన ఇనుపరజను అదేదినము ఊడ్చివేయవలెను, రేకుల కట్టలను స్థలమున ఒక కొన ఎత్తుగ, గాలియాడునట్లు నిలువచేయనిచో అవి బిగించకముందే తెల్ల త్రుప్పు పట్టును.

ఉప్పునీరు ఏండ్ల తరబడి సంధిలోనికి దిగినచో ఏమగునో కెనడాలోని ఎలియట్ లేక్ పట్టణము చూపినది. అచటి ఆల్గో సెంటర్ అను అంగళ్ల సముదాయమునకు పైకప్పే కార్లు నిలుపు స్థలము. దాని నేల రేకుమీదిది కాదు, ముందుగ పోసిన కాంక్రీటు పలకలది; కాని పలకలు కూర్చున్నది ఉక్కు దూలములపైననే. మంచు కరగుటకు చల్లు ఉప్పు కలిసిన నీరు మూడు దశాబ్దములు కారి, దూలమును స్తంభమునకు పట్టియున్న వెల్డును తినివేయగా, 2012 జూను 23న కప్పులోని భాగము కూలి ఇద్దరు స్త్రీలు మరణించిరి. కప్పు కారుచున్నదని ఆ ఊరివారందరెరుగుదురు. క్రింద బకెట్లు పెట్టి అంగళ్లు నడపిరి. న్యాయమూర్తి బెలాంజే విచారణ నివేదిక 2014లో వెలువడినపుడు అందు లోహశాస్త్రముకంటె మనుష్యుల ఉపేక్షయే హెచ్చు పుటల నాక్రమించినది.

అమెరికాలోని స్టీల్ డెక్ సంస్థవారు ఇట్టి వాహన నిలయములకు సూచించు జాగ్రత్తలు ఈ సందర్భమున చదువదగినవి. ఉప్పునీరు తగులు చోట్ల శ్లాబు పైముఖమున నీరు చొరని పూత వేయవలెను. రేకునకు 275 గ్రాముల తరగతికి తక్కువకాని జింకుండవలెను. బయట కనబడు అడుగు ముఖమునకు మన్నికైన రంగు వేయవలెను. ఈ రక్షణములన్నింటిని భవనము బ్రతికినంతకాలము నిర్వహింపవలెను. అట్టి నిర్వహణమునకు హామీ లేనిచో రేకును కేవలము అచ్చుగ నెంచి, బరువునంతను మోయుటకు కాంక్రీటులో వేరుగ కడ్డీలు వేయవలెను. వారు చివర వ్రాసిన ఈ నియమమును మన తీరప్రాంతములవారు మొదట చదువుట మంచిదని నా మనవి. ఏలనగా భవనపు ఆయుష్షంతయు నిర్వహణము సాగునని మన చోట మాట యిచ్చుటకు సాహసించు యజమాని అరుదు. దీనికి ఖర్చు తలచినంత లేదు. అగ్నిప్రమాదమున రేకు ఎఱ్ఱగ కాలి బలము కోల్పోవును గనుక, దానికై రేకు పల్లములలో కడ్డీలు వేయుట అనేక భవనములందు ఇదివరకే కలదు. ఆ కడ్డీని ఒక సైజు పెంచి, దాని క్రింద కాంక్రీటు కవరింగు తగినంత యుండునట్లు చూచినచో, అగ్నికొరకు వేసినదే త్రుప్పునకును పనికివచ్చును. అప్పుడు రేకు పోయినను శ్లాబు నిలుచును. మిగులునది దూలపు పైపట్టీ యొక్కటే, దానికి స్టడ్డులతో సహా 85 మైక్రానుల జింకు.